సంజీవ్ పట్టిన బొచ్చె

లక్ష్మీనర్సయ్య సార్ చేపను కొట్టేయాలని సంజీవ్ తార్నాక ఫ్లాట్‌లో పళ్ళు తోముకుంటుండగానే నిర్ణయించుకున్నాడు. ఆ చేప ఇంకా నీళ్ళలోనే ఈదుతోంది. అది వేరే సంగతి.

కారణం గిన్నెలు. యూనివర్సిటీ వాళ్ళ గాలం క్లబ్బు ఏటా చలికాలంలో ఊరవతల రిజర్వాయరుకి వెళ్తుంది. పట్టిన చేపల్ని మధ్యాహ్నానికి క్యాంపస్‌కి తెచ్చి, స్టాఫ్ క్వార్టర్స్ వెనక చెట్ల కింద తూకం వేస్తారు. పెద్ద చేప పట్టినవాడికి శాలువా కప్పి, ఆ చేపనే పులుసు పెట్టుకుని తింటారు. అన్నిటికన్నా చిన్న చేప తెచ్చినవాడు గిన్నెలు తోమాలి. మూడేళ్ళుగా శాలువా రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసర్ లక్ష్మీనర్సయ్యది, గిన్నెలు లైబ్రరీలో పనిచేసే సంజీవ్‌వి. ఆ తోముడు ఫోటో ఎవరో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటినుంచి లిఫ్టులో అందరూ సంజీవ్‌ని చూసి దగ్గు నటిస్తున్నారు.

"ఈసారి శాలువా లేకుండ ఇంటికొస్తివా, నీ గాలాలన్నీ పాత సామానోనికి ఏస్త," అని భార్య పూర్ణిమ ముందే చెప్పేసింది. ఆమె ఊరికే మాట అనే మనిషి కాదు. గాలాలు పోతే సంజీవ్‌కి ఆదివారాలే పోయినట్టు.

క్లబ్బులో ఒక పట్టింపు ఉంది. కాటా ఎక్కేదాకా ఎవరూ తమ చేపను ఇంకొకరికి చూపించరు. దిష్టి తగులుతుందట. డాక్టరేట్లు చేసిన పెద్దమనుషులే చేపను తడి గోనెసంచిలో వేసి, మూతి బిగించి కట్టేస్తారు. సంజీవ్ పథకమంతా ఆ దిష్టి మీదే ఆధారపడింది.

ఆ రోజు చలికి చేపలు అడుక్కి దిగి ముడుచుకుపోయాయి. ఎర మూతి ముందు ఆడించినా నోరు తెరవలేదు. ఎండెక్కేసరికి సంజీవ్‌కి దక్కింది అరచెయ్యంత జిలేబీ చేప. అవతల తుమ్మ పొదల చాటున కూర్చున్న లక్ష్మీనర్సయ్య మాత్రం ఉబ్బిన సంచితో, వెలుగుతున్న మొహంతో వచ్చాడు.

తిరుగు దారిలో వ్యాను చాయ్ కోసం ఆగింది. కాలు పట్టేసిందని సంజీవ్ దిగలేదు. అందరూ దిగాక రెండు సంచులూ విప్పాడు. లక్ష్మీనర్సయ్య సంచిలో బొచ్చె చేప ఉంది. చూడ్డానికి మరీ పెద్దదేం కాదు గానీ, ఎత్తితే చెయ్యి కిందికి గుంజింది. సంజీవ్‌కి ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది. బొచ్చె తన సంచిలోకి, జిలేబీ పిల్ల ప్రొఫెసర్ సంచిలోకి మారాయి. బరువు తేడా తెలియకుండా, క్యాంపస్‌లో దిగగానే "మీరు పెద్దోళ్ళు సార్, నేను తెస్త," అని రెండూ తనే మోశాడు.

తూకం దగ్గర కుటుంబాలన్నీ చేరాయి. లక్ష్మీనర్సయ్య సంచి విప్పి, జిలేబీ పిల్లను చూసి, సంచిని తిరగేసి దులిపాడు. తర్వాత సంజీవ్ బొచ్చె కాటా ఎక్కింది. ఆయన చేపను చూశాడు, సంజీవ్‌ని చూశాడు.

"చెరువు కాసే కట్టమైసమ్మ ఈసారి నీ దిక్కు చూసింది బిడ్డా," అన్నాడు మెల్లగా.

సంజీవ్ చప్పున చూపు తిప్పుకున్నాడు. పోల్చుకున్నాడా? పోల్చుకున్నా రుజువేది? తాటిచెట్టంత మనిషి అరిచి గోల చేస్తాడనుకుంటే, ఆయన తలూపి పక్కకి తప్పుకున్నాడు. క్లబ్బు సెక్రెటరీ, జువాలజీ శశిభూషణ్ శాలువా కప్పాడు. పూర్ణిమ మొగుణ్ణి మూడేళ్ళలో మొదటిసారి మురిపెంగా చూసి, ఫోటో తీసి నేరుగా గ్రూపులోకి పంపించింది.

అప్పుడు లక్ష్మీనర్సయ్య ముందుకొచ్చాడు. "ఇటియ్యి, నేను కోస్త. నల్లా దగ్గరికి తీస్కపోయి చేసి తెస్త."

మూడేళ్ళూ తన చేపను ఆయనే, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా, షెడ్డు వెనక కోసేవాడు. ఓడిపోయినా పెత్తనం పోలేదని సంజీవ్‌కి ఒళ్ళు మండింది. పైగా చేపను చేతికిస్తే ఏ గుర్తు పట్టుకుని యాగీ చేస్తాడో! తనకా, చేప కోయడం చేతకాదు. ఎప్పుడూ మార్కెట్లో కొట్టించి తెచ్చుకోవడమే.

"వద్దు సార్. మా చేప మా ఆమెనే కోస్తది."

"వినరా సంజీవ్, గట్టి ముల్లు..."

"ఏం కాదు సార్. ఆమె చెయ్యి మంచిగుంటది."

పూర్ణిమ అందరి మధ్యా కత్తిపీట వేసుకుని కూర్చుంది. పొలుసు గీకి, పొట్ట చీల్చి, వేళ్ళు పెట్టి లాగింది. స్టీలు తాంబాళంలో టంగుమని ఒకటి పడింది. వెనకే ఇంకొన్ని పడ్డాయి. గాలాలకి బరువు కోసం కట్టే సీసం గుండ్లు, నున్నగా, ఒక్కోటి ఉసిరికాయంత.

పిల్లలు గుండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"సీసం మేసే బొచ్చె గురించి మా జువాలజీలో ఇంతవరకూ ఎవరూ రాయలేదండీ," అన్నాడు శశిభూషణ్, శాలువా వెనక్కి లాక్కుంటూ. పూర్ణిమ మొగుడి వంక చూడను కూడా చూడలేదు. ఫోన్ తీసి గ్రూపులో ఫోటో తుడిచేసే పనిలో పడింది.

నావి కావని అరవాలని సంజీవ్ నోరు తెరిచాడు. చేప కూడా నాది కాదని చెప్పకుండా ఆ మాట చెప్పే దారి దొరకలేదు. 

మోసం చేసినవాడికే గిన్నెలని, ఈ ఏడాది గెలుపు ఎవరిదీ కాదు గనక శాలువా నిరుటి విజేత దగ్గరే ఉండాలని శశిభూషణ్ తేల్చేశాడు. మిగతా చేపలతో పులుసైంది. చన్నీళ్ళలో చేతులు కొంకర్లు పోతుంటే సంజీవ్ గిన్నెల ముందు కూర్చున్నాడు. ఎవరిదో నీడ మీద పడింది. తలెత్తితే లక్ష్మీనర్సయ్య, భుజాన మళ్ళీ అదే శాలువా.

ఆయన వంగి, చుట్టూ ఓసారి చూసి, తాంబాళం వైపు వేలు చూపించి గుసగుసగా అన్నాడు: "గుండ్లు మంచిగ కడిగి నాకిచ్చెయ్యి బిడ్డా, మూడేండ్లసంది నన్ను గెలిపిస్తున్నయి అవే."