బ్రో అంటే

ఎవరు ఏ మాటన్నా దాని అర్థమూ పుట్టుకా చెవిపూస అనే బుల్లి యంత్రం చెప్పేసే రోజులవి. హంసిని ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చి ఏడాదైనా, సవతి కూతురు యామిని ఆమెను ఏ వరసతోనూ పిలవలేదు. ఆ పొద్దున పెసరట్టు తింటూ, "ఇంకోటి వెయ్యి, బ్రో!" అంది.

వెటకారమేమోనని హంసిని మనసు చివుక్కుమంది. చెవిలో పూస మెల్లగా పలికింది: "బ్రదర్‌కు పొట్టి రూపం. పాతకాలపు కుర్రకారు ఇంగ్లీషు. బాగా దగ్గరివాళ్లను అలా పిలిచేవారు. ఈ ఇంట్లో మొదట అన్నది యామిని కన్నతల్లి, కూతురితో."

హంసిని చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"చెప్పేసిందా?" తలెత్తకుండానే అడిగింది యామిని. "నిన్ను అమ్మా అనలేను. ఇది మాత్రం నోటికొచ్చింది."

హంసిని పొయ్యి ఆపి, పూస తీసి గట్టు మీద పెట్టి, పిల్ల పక్కన కూర్చుంది.

"మీ అమ్మ ఇంకా ఏమేం అనేదో నువ్వే చెప్పు."