తెలిసిన ఒక్క పేరు

రంగనాయకులు కొలత గొలుసు ఇసుక మీద పరిచి రెండో మేకు దిగ్గొట్టాడో లేదో, వెనక నుంచి ఎవరో అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఎవుర్రా నువ్వు? ఏం కొలస్తా ఉండావు?"

తిరిగి చూశాడు. పది పదిహేనుమంది. కొందరి చేతుల్లో తెడ్లున్నాయి.

"సముద్రం ఒడ్డును ఎంత కోసుకుపోయిందో చూస్తున్నానండీ. వాల్తేరు నుంచి వచ్చాను. చదువుకోసం."

"పోయినసారి వచ్చినోళ్ళూ ఇట్టనే చెప్పినారు," అన్నాడు చెయ్యి పట్టుకున్న మనిషి. "కొలిచి పోయినారు. ఆర్నెల్లకి కాయితం వచ్చింది. మా పడవలు లాగే రేవు సర్కారుదంట. సరుగుడు తోట ఏస్తారంట. అప్పుడు మద్రాసు నుంచి ఏలినారు, ఇప్పుడు హైదరాబాదు నుంచి. మా మొహం చూసినోడు ఒక్కడన్నా ఉండాడా? ఇప్పుడు ఇళ్ళు కొలవను వచ్చినావా?"

"నేను సర్కారు మనిషిని కాదండీ."

"మరి ఆ సంచి మీద ముద్ర ఎవురిది?"

గొలుసూ సంచీ తాలూకా ఆఫీసులో అడిగి తెచ్చుకున్నవి. ఆ మాట చెప్పబోయాడు.

వీపు మీద దెబ్బ పడింది. కళ్ళజోడు ఎగిరిపోయింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తలపైన తెడ్డు లేచింది.

"ఆగండ్రా!"

తల నెరిసిన ఆడమనిషి ఒకామె వస్తోంది. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు.

"పేరమ్మక్కా, నువ్వే చెప్పు. వీణ్ణి ఏం చేద్దాం?"

ఇక్కడ ఈమె మాటే తీర్పు. అది రంగనాయకులుకు అర్థమైంది.

ఆమె వంగి అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెంప పగిలేలా కొట్టింది. గొలుసు చుట్టి సముద్రంలోకి విసిరేసింది.

"వీణ్ణి నాకు వదిలెయ్యండి. ఎవురూ నా ఎనక రాబాకండి."

ఎత్తిన తెడ్లు కిందికి దిగాయి.

చొక్కా పట్టుకుని, నోటికొచ్చినట్టు తిడుతూ, కాలే ఇసుకలో బకింగ్‌హాం కాలవ దాకా ఈడ్చుకుపోయింది. ముంచి చంపుతుందనుకున్నాడు. అతనికి ఈత రాదు.

దోనెలోకి తోసి, గెడకర్ర వేసి నడిపింది. నడి కాలవలో గెడ ఆపింది.

"మీ అమ్మ ఉండాదా?"

"ఉం... ఉంది."

ఆమె మళ్ళీ గెడ వేసింది. అవతలి గట్టున దించింది.

"పో. ఎనక్కి చూడబాక. మళ్ళీ ఈ పక్క కనపడితే కాళ్ళిరగ్గొడతా."

పడుతూ లేస్తూ పరుగెత్తాడు. ఏ చెట్టు కదిలినా తెడ్డు పట్టుకున్న మనిషే అనిపించింది.

పోలీసు స్టేషన్లో ఎస్సై అడిగాడు. "ఎవరు కొట్టారు?"

"చాలామందండీ."

"పేర్లు?"

అతనికి తెలిసింది ఒక్కటే. "పేరమ్మ."

కాగితం కింద సంతకం పెట్టాడు.

మర్నాడు ఆమెను తీసుకొచ్చారు. రంగనాయకులు తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"ఈమేనా?"

"ఈమేనండీ."

"కొట్టిన మాట నిజమే," అంది పేరమ్మ. తోడు ఎవరున్నారని ఎన్నిసార్లు అడిగినా మరో పేరు చెప్పలేదు.

సాయంత్రం రైలెక్కించడానికి కానిస్టేబులు మస్తానయ్య బిట్రగుంట దాకా తోడు వచ్చాడు. రైలు పెట్టెలో కూర్చున్నాక రంగనాయకులు కిటికీలోంచి అడిగాడు.

"ఆమెను వదిలేస్తే నా కోసం వస్తుందా?"

"రాదు బాబూ. మధ్యాహ్నమే నెల్లూరు జైలుకు తీసకపోయినారు."

గార్డు ఈల వేశాడు. రైలు కదిలింది.

"ఊరంతా ఆమెకు అంత భయపడుతుందేం?"

"భయం కాదు బాబూ," అన్నాడు మస్తానయ్య, కిటికీ పక్కనే నాలుగడుగులు నడుస్తూ.

ఒంటి మీది ఖాకీ చొక్కా వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించాడు.

"పోయినేడు ఆ రేవు ఖాళీ చేయించేటప్పుడు మా తుపాకీ గుండుకు చచ్చిపోయినోడు ఆమె ఒక్కగానొక్క కొడుకు, నీ ఈడువాడే."