గుమ్మం పక్క స్టూలు

పత్రికకు టీవీల మీద సమీక్షలు రాయడం నా పని. ఈసారి మధ్యరకం ధరలో ఉన్న స్మార్ట్ టీవీ ఒకటి ఇంటికి తెప్పించి పరీక్షించాను. సోఫాకీ తెరకీ మధ్య దూరం టేపుతో కొలుచుకుని మరీ కూర్చున్నాను.

మూడోరోజు మా ఆవిడ అడిగింది. "ఆ వార్తలు చదివే అమ్మాయి ఎప్పుడూ వెలిసిపోయిన కోటే వేసుకుంటుందేంటండీ?"

నేను పగలబడి నవ్వాను. "మందారంలా ఎర్రగా ఉంటే నీకు వెలిసిపోయినట్టుందా? ముందు వెళ్లి కళ్లు చూపించుకో."

ఆదివారం సమీక్ష అచ్చయింది. మా ఆవిడ పేపరు తీసుకుని నిదానంగా పైకి చదివింది. "పక్కనుంచి చూస్తే రంగులు పాలిపోతాయి. అయినా ఇంట్లో పక్కన కూర్చుని టీవీ చూసేదెవరు? అందుకని మార్కులు తగ్గించలేదు."



పేపరు మడిచి నా చేతికిచ్చింది. "కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చానండీ. నా కళ్లకేం ఢోకా లేదన్నాడు," అని చెప్పి, బజారు సంచీ తీసుకుని బయటికి వెళ్లింది.

వంటగది గుమ్మం పక్కన ఆమె స్టూలు ఉంది. పొయ్యి మీద ఓ కన్ను, టీవీ మీద ఓ కన్ను వేసి రోజూ ఆమె కూర్చునేది అక్కడే. వెనక్కి పంపాల్సిన టీవీ ఇంకా గోడకే ఉంది. దాన్ని ఆన్ చేసి, పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి ఆ స్టూలు మీద కూర్చున్నాను.

ఆ అమ్మాయి వార్తలు చదువుతోంది. కోటు నిజంగానే వెలిసిపోయి ఉంది.