ఊరిదాకా దిగని హెచ్చరిక

"ఊళ్లకు 'ప్రమాదం లేదు' అని పోయిందేంది జబీనా?" తుఫాను హెచ్చరికల ఆఫీసులో ఆమె పై అధికారి పెంచలకృష్ణ స్క్రీన్ చూపిస్తూ అరిచాడు. "జిల్లాకు రెడ్ అలర్ట్ గదా!"

జబీనా పరుగున వచ్చింది. పైనుంచి వచ్చే తుఫాను హెచ్చరికల కంప్యూటర్ ఫైలును ఊరూరికీ మెసేజ్‌లుగా మార్చి పంపే ప్రోగ్రామ్ ఆమె రాసిందే. స్క్రీన్ మీద జిల్లా పేరు పక్కన రెడ్ అనే ఉంది. దాని కింద తీరంలోని ప్రతి ఊరి పక్కనా 'ప్రమాదం లేదు, చేపల వేటకు వెళ్లవచ్చు'.

"ఇది ఎప్పుడు పోయింది సార్?"

"తెల్లవారకముందే."

ఆమె కోడ్ తెరిచింది. జిల్లా లోపల మండలాలు, మండలాల లోపల ఊళ్లు. ప్రోగ్రామ్ ఒక్కో మెట్టూ దిగుతూ పోతుంది. పైన ఇచ్చిన 'రెడ్' అనే విలువను ప్రతి మెట్టూ అందుకుని కింది మెట్టుకు అందించాలి. మండలాల కోసం ఆమె వాడింది అన్నిటికీ సరిపోయేలా ముందే రాసి పెట్టుకున్న ఒక మామూలు టెంప్లేట్. ఆ టెంప్లేట్ 'రెడ్'ను అందుకోలేదు, కిందికి అందించనూ లేదు.

"టెస్ట్ చెయ్యలేదా?"

"జిల్లా వరకే చూసినా సార్. కిందికీ అదే పోతుందనుకున్నా."

"పోకపోతే ఏమీ రాకూడదు గదా. 'ప్రమాదం లేదు' యాడినుంచి వచ్చింది?"

జబీనా కోడ్‌లో ఒక లైను మీద వేలు పెట్టింది. "పైనుంచి ఏమీ రాకపోతే అదే పెట్టమని నేనే రాసినా. జనాన్ని ఊరికే భయపెట్టకూడదని."

కిటికీ అవతల హైవే పక్కన చిరిగిన ఫ్లెక్సీ ఒకటి గాలికి టపటపా కొట్టుకుంటోంది.

ఆమె కోడ్‌లో రెండు లైన్లు చేర్చింది. ఒకటి అందుకోవడానికి, ఒకటి అందించడానికి. మళ్లీ నడిపింది. ఈసారి ప్రతి ఊరి పక్కనా రెడ్ పడింది. 'సముద్రంలో ఉన్నవారు వెంటనే ఒడ్డుకు రావాలి.' పంపింది.

ఇద్దరూ స్క్రీన్ వైపే చూశారు. నంబర్ల పక్కన 'చేరింది' అని పడుతూ వచ్చింది. కాసేపటికి ఒక్కటీ మిగల్లేదు.

"బతికించినావు తల్లీ!" పెంచలకృష్ణ కుర్చీలో కూలబడ్డాడు.

జబీనాకు మాత్రం ఒకరి నోట వింటే గానీ నమ్మకం కుదిరేలా లేదు. నంబర్ల జాబితాలో పోలేరయ్య అనే జాలరి పేరు కనిపిస్తే ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఒక ఆడమనిషి ఎత్తింది.

"పోలేరయ్య భార్యనమ్మా, పెంచలమ్మని."

"ఇప్పుడొచ్చిన మెసేజ్ చూసినారా పెంచలమ్మా?"

"చూసినాం. ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారే మోగినాయి."

"మరి పడవలు వెనక్కి తిరిగినాయా?"

అవతల గాలి హోరు వినిపించింది.

"ఎట్ట తిరుగుతాయమ్మా? పోవచ్చని మీరు చెబితిరి, తడుస్తాయని మగోళ్లు ఫోన్లన్నీ మా చేతుల్లో పెట్టి సముద్రంలోకి పోయినారు."