ఆకు పేరు

శ్రీవిద్య చేతిలోంచి పోలమ్మ కోడిగుడ్డు లాక్కుంది.

ఆస్పత్రిలో రక్తపరీక్ష వరసలో కూర్చున్న కూతురికి ఎవరో ఆడమనిషి ఉడికించిన గుడ్డు ఇచ్చింది. ఇంకో క్షణం ఆలస్యమైతే కొరికేసేదే.

“పథ్యంలో ఉన్నావని తెలీదేటే?”

“భూఖ్ లగీ హై మమ్మీ,” అంది శ్రీవిద్య. ఇరవై ఆరేళ్ల పిల్ల, ఆకలని చెప్పడానికి సిగ్గుపడింది.

గుడ్డిచ్చిన మనిషి పక్క కుర్చీలోంచి కదల్లేదు. వెలిసిన చీర, నుదుటి మీద పచ్చబొట్టు.

“పిల్లకి గుడ్డెట్టమ్మా. పప్పెట్టు. ఆ పసరు ఆపీ.”

పోలమ్మ ఉలిక్కిపడింది. పసరు తాగిస్తున్న సంగతి డాక్టరుకి కూడా చెప్పలేదు.

“నీకెవలు సెప్పారు?”

“ఎవలైతే ఏటమ్మా? కడుపు కోయించుకున్న పిల్ల. తినీది పిడికెడు. ఆ పిడికెడూ మజ్జిగ మెతుకులైతే మనిషి నిలబడతాదా?”

ఆ మాట నిజమే. నూట ఇరవై నాలుగు కిలోల శ్రీవిద్య నాలుగు నెలల కిందట బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. ముప్ఫై కిలోలు తగ్గింది. వాళ్లుండే సెక్టర్ 4లో ఎదురైన వాళ్లందరూ ఆగి మెచ్చుకున్నారు.

మొన్నటి పరీక్షలో లివర్ ఎంజైములు పెరిగాయి. త్వరగా చిక్కితే కొందరికి ఇలా అవుతుంది, గుడ్లు, పప్పులు బాగా పెట్టండి, రెండు వారాల్లో మళ్లీ చూద్దామన్నాడు డాక్టరు.

పోలమ్మకు లివర్ అన్న మాట ఒక్కటే వినిపించింది. లివరంటే కామెర్లు. కామెర్లంటే పసరు.

దగ్గర్లోని కుమ్హారిలో అప్పలసూరి అనే మన తెలుగువైపు మనిషి పసరు ఇస్తాడని తెలిసి, భర్త తిరుమలరావు రోజూ పొద్దున్నే వెళ్లి, కూతురి ఆపరేషను, పరీక్షల సంగతులన్నీ చెప్పుకుని సీసాతో తెస్తున్నాడు. పథ్యం మజ్జిగన్నం. ఉప్పు, నూనె, పప్పు, గుడ్డు ముట్టకూడదు.

“మా పిల్ల కూడు మీద నీ కళ్లేటి? లెగు ఇక్కడ్నించి!”

ఆ మనిషి లేవలేదు. రోగులకి ఏదిపడితే అది తినిపిస్తోంది, బయటికి పంపమని పోలమ్మ గార్డుని కేకేసింది.

“భయ్యా, ఇస్కో బాహర్ కరో! మరీజోంకో కుఛ్ భీ ఖిలా రహీ హై!”

గార్డు ఆమె రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. ఆమె గింజుకోలేదు. గుమ్మం దగ్గర మాత్రం వెనక్కి తిరిగింది.

“లచ్చింవారం రిపోర్టుకొస్తారు గదా, మళ్లీ వస్తానమ్మా. కుసింత కోపం తగ్గాక ఇను. అంతా సెప్తాను.”

ఇంటికి రాగానే పోలమ్మ అప్పలసూరికి ఫోన్ చేయించింది. ఆస్పత్రిలో ఒకావిడ మీ మందు మానమంటోంది, పథ్యం చెడగొడుతోంది అని భర్త చెబుతుంటే, తను పక్కనుంచి పచ్చబొట్టుతో సహా గుర్తులు అందించింది.

“అలాటోళ్లు సానామంది ఉంటారు బాబూ. పథ్యం మానకండి,” అన్నాడు అప్పలసూరి.

మర్నాడు తిరుమలరావు ఖాళీ సీసాతో తిరిగొచ్చాడు. మందు ఇక చాలట. పథ్యం మాత్రం ఇంకో పదిరోజులట.

లక్ష్మివారానికి శ్రీవిద్య కళ్లు పసుపుపచ్చగా అయ్యాయి. ఆస్పత్రిలో వెంటనే చేర్చుకున్నారు. పచ్చబొట్టు మనిషి రాలేదు. పీడ విరగడైందనుకుంది పోలమ్మ.

నూట ఎనభై ఉన్న ఎంజైములు పదిహేను వందలు దాటాయి.

“బయటి మందులేమైనా వాడారా?” అని డాక్టరు అడిగాడు.

“లేదు,” అంది పోలమ్మ.

ఆయన మళ్లీ అడిగాడు. లేదంది.

మూడోసారి ఆయన అడగలేదు. మంచం వైపు చూపించాడు. శ్రీవిద్య తల్లిని ఎవరో నర్సు అనుకుని, “దీదీ, థోడా పానీ,” అని నీళ్లడుగుతోంది.

పోలమ్మ అంతా చెప్పేసింది.

“ఏ ఆకు?”

తెలియదంది.

“ఆకు పేరు తెలిస్తే పెద్ద ఆస్పత్రి వాళ్లని అడిగి దానికి తగ్గ వైద్యం చేస్తాం. తెలియకపోతే చీకట్లో తడుముకోవడమే. ఎంత త్వరగా తెస్తే అంత మంచిది.”

భర్తను కూతురి దగ్గర ఉంచి పోలమ్మ ఆటో ఎక్కింది. కుమ్హారి చేరేదాకా డ్రైవర్‌ని జల్దీ, జల్దీ అంటూనే ఉంది.

అప్పలసూరి అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పోలమ్మ అతని కాళ్ల మీద పడింది.

“ఆకు పేరు సెప్పు బాబూ.”

“పేరు సెప్తే మందు పన్జెయ్యదమ్మా.”

“నాకు మందొద్దు. నా పిల్ల కావాలి. నన్ను గుర్తు పట్టట్లేదు బాబూ, నా పిల్ల!”

అతను కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

“నాకు తెల్దమ్మా.”

“ఏటి తెల్దు? మందిచ్చింది నువ్వు కాదా?”

“సీసాలో పోసి ఇచ్చీవోణ్ని. ఆకు కోసీది, నూరీది నా ఆడది. ఆళ్ల తాత కాడ నేర్సుకుంది, ఎవలికీ సూపించదు. కడుపు కోసిన పిల్లకి ఈ మందొద్దని మొత్తుకుంది. నానే ఇన్నేదు.”

“పిలు బాబూ! ఏదీ, ఎక్కడుంది?”

“దుర్గ్‌లో రైలెక్కీసిందట. ఎటెల్లిందో తెల్దు. దాని కాడ ఫోను నేదు.”

“ఎందుకెల్లిపోయింది?”

అప్పలసూరి మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

“నానే ఇంట్లోంచి తగిలీసినానమ్మా. ఆ పూట మీరు ఫోన్లో గుర్తులు సెప్పింది దాని గురించే.”