మూడు యుద్ధాలు చూసిన బ్యాగు

ఏ కుట్టయినా సరే, ఒక్కసారి చూస్తే చాలు, అది ఎవరు కుట్టారో, కుట్టేటప్పుడు వాడి కడుపు నిండి ఉందో లేదో కూడా చెప్పేస్తానని బావ గొప్ప. ఇరవై ఏళ్లుగా తన టైలరింగ్ షాపుకి వచ్చినవాళ్లందరికీ కొలతలతో పాటు ఈ మాట ఉచితం.

ఆ మధ్యాహ్నం కూడా అదే చెబుతున్నాడు. వినేది కానిస్టేబుల్. ఆయనకి వినక తప్పదు మరి. నడుం దగ్గర వదులు చేయమని ఇచ్చిన యూనిఫాం ప్యాంటు మిషన్ మీద ఉంది. ఆయన తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద ఉన్నాడు.

అప్పుడే బావమరిది ఊడిపడ్డాడు. వీపు మీద గజమెత్తు ఆకుపచ్చ బ్యాగు.

"చూడు బావా, ఒరిజినల్ మిలిటరీ బ్యాగు! మార్కెట్లో సైన్యం పాత సామాన్లమ్మే కొట్లో కారుచౌకగా కొట్టేశా. మూడు యుద్ధాలు చూసిందట. రేపు పొద్దున్నే దీంతో అడవికి. నాలుగు రోజులు టెంట్లోనే మకాం. ఏదీ, దీన్ని ఎవరు కుట్టారో చెప్పు చూద్దాం!"

బావ బ్యాగు మీద చెయ్యి వేశాడు. సూది గుచ్చుకున్నట్టు వెంటనే తీసేశాడు.

"తె... తెలీదురా. ఎవడో మిలిటరీవాడు."

ఇరవై ఏళ్ల గొప్ప ఇరవై సెకన్లలో గాల్లో కలిసిపోయింది. బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి హ్యాంగర్లకున్న చొక్కాలు కూడా ఊగాయి.

కానిస్టేబుల్ మాత్రం నవ్వలేదు.

"ఆ కొట్లో డూప్లికేట్ సరుకు అమ్ముతున్నారని కంప్లయింట్లొచ్చాయి. కుట్టేవాడెవడో నెల్లాళ్లుగా దొరకట్లేదు. ఏదీ, ఆ బ్యాగు ఇటు పెట్టు. సీజ్ చెయ్యాలి."

"అయ్యో సార్, రేపు నా అడవి!"

"అడవి ఎక్కడికీ పోదులే."

బావమరిది బ్యాగుని గట్టిగా వాటేసుకున్నాడు. ఆరు నెలలు బాసు కాళ్లావేళ్లా పడితే దొరికిన సెలవది. "డూప్లికేటేంటి సార్? ఇది చూడండి!" అని బ్యాగు మూత తిరగేశాడు. ఆ బ్యాగుకి అన్నీ బకిల్సే. గుండీ అన్నది వెతికినా లేదు. కానీ మూత లోపల, మూలన, ఒకే ఒక్క చిన్న తెల్ల గుండీ. "పెట్టుకునే గుండీ కాదిది. అంటే రహస్య గుండీ! నొక్కితే హెలికాప్టర్ వస్తుందేమో, ఎవరు చూశారు?"

కానిస్టేబుల్ నొక్కి చూశాడు. హెలికాప్టర్ రాలేదు.

"సార్," అన్నాడు బావ గొంతు సవరించుకుని, "పరీక్ష పెడదాం. డూప్లికేట్ అయితే చిరుగుతుంది, ఒరిజినల్ అయితే నిలుస్తుంది. నా బామ్మర్ది ముచ్చట పడి కొనుక్కున్నాడు, పాపం."

అడవికెళ్లడమంటే మంచం ఇంట్లో పెట్టుకుని నేల మీద దొర్లడమని రోజూ వెక్కిరించే బావ, తన కోసం పోలీసుతో వాదిస్తున్నాడు! బావమరిదికి కళ్లు చెమర్చాయి.

ప్యాంటు లేకుండా ఎటూ వెళ్లలేని కానిస్టేబుల్ కూడా సరేనన్నాడు.

మొదట బరువు. పాత కుట్టుమిషన్ తలకాయ, రెండు ఇస్త్రీపెట్టెలు, మూడు ఇటుకలు బ్యాగులో కూరి, బావమరిది మేడ మెట్లు ఎక్కి దిగాడు. నలభైసార్లని అతని లెక్క. నాలుగని మెట్ల లెక్క. పట్టీ చెక్కుచెదరలేదు.

"శభాష్!" అని ఎగిరి గంతేశాడు బావ.

తర్వాత నీళ్లు. మేడ మీంచి అక్క బకెట్టు కుమ్మరించింది. సగం బ్యాగు మీద, సగం తమ్ముడి మీద. తమ్ముడు ముద్దయ్యాడు. బ్యాగులో పెట్టిన పేపరు మాత్రం కరకరలాడుతోంది.

"మేడ మీంచి పడెయ్యరా!" అని అరిచాడు బావ. ఊపు ఆగట్లేదు మనిషికి.

పడేశాడు. అది సరిగ్గా కానిస్టేబుల్ బైకు మీద పడింది. బ్యాగుకి గీత కూడా పడలేదు. బైకు అద్దం వీరమరణం పొందింది. కానిస్టేబుల్ వీధిలోకి పరిగెత్తి, సగం దూరం పోయాక ఒంటి మీద తువ్వాలు గుర్తొచ్చి, రెట్టింపు వేగంతో లోపలికొచ్చి పడ్డాడు.

"ఒప్పుకున్నా," అన్నాడు రొప్పుతూ. "ఇది ఒరిజినలే. ఇంత గట్టిగా కుట్టే మొనగాడు ఈ చుట్టుపక్కల లేడు."

బావ మొహం పెళ్లికొడుకులా వెలిగింది. ఏదో అనబోయి, దగ్గొచ్చినట్టు నోరు మూసుకున్నాడు.

"నేర్చుకో బావా, నేర్చుకో," అన్నాడు బావమరిది, తల తుడుచుకుంటూ. "మిలిటరీ కుట్టంటే అదీ! నువ్వూ ఉన్నావ్, నా పెళ్లి ప్యాంటు పీటల మీదే పిగిలింది."

"నీ పొట్టకి మిలిటరీ కూడా ఏం చెయ్యలేదురా," అని బావ ప్యాంటు తెచ్చి కానిస్టేబుల్‌కిచ్చాడు.

ఆయన కర్టెన్ చాటుకెళ్లి వేసుకున్నాడు. నడుం హాయిగా ఉంది. కానీ పట్టీ లోపల చేతికి ఏదో తగిలింది. బయటికొచ్చి, పట్టీ తిప్పి చూసుకున్నాడు.

"ఇదేంటి మాస్టారూ?"

"స్పేర్ గుండీ సార్," అన్నాడు బావ గర్వంగా. "ఎప్పుడైనా ఊడితే వెతుక్కోకుండా. నా మిషన్ ఎక్కిన ప్రతిదానికీ లోపల మూలన ఒకటి కుట్టి..."

మాట మధ్యలో ఆగిపోయింది.

కానిస్టేబుల్ చూపు మెల్లగా ప్యాంటు మీంచి బ్యాగు మూత మీదికి వెళ్లింది. బావమరిది చూపు దాని వెనకే వెళ్లింది.

బావ మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపాడు. "బ్యాగుకి గుండీలుండవని నాకు తెలుసు సార్... నా చేతికే తెలీదు."