జల్లెడ పట్టిన కచేరీ

పేరుమోసిన గాయకుడు పెద్దాయన కచేరీ రికార్డింగు ఎప్పటికైనా తన గదికి రాక తప్పదని జల్లెడకి తెలుసు. కొంగలా కాచుకుని కూర్చున్నాడు. ఆ రోజు పొద్దున్నే వచ్చింది.

జల్లెడ అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరూ పలకరు. కచేరీలు రికార్డు చేసి అమ్మే ఆ కంపెనీలో ఆఖరి చెవి, ఆఖరి కన్ను అతనివి. ధ్వని ఎలా ఉంది, బొమ్మ ఎలా ఉంది, అంతే చూస్తాడు. పాట బాగుందా లేదా అన్నది కొనుక్కున్నవాళ్ల తంటా. అతను బాగాలేదంటే ఆ రికార్డింగు బజారు మొహం చూడదు. కోడిగుడ్డుకి ఈకలు పీకే రకమని పేరు పడ్డాడు. ఆ పేరు అతనికి ఇష్టమే.

అతని భార్య ఒకప్పుడు పెద్దాయన వెనక బృందంలో పాడేది. ఒకే ఒక్కసారి సొంతంగా కచేరీ చేసింది. అప్పట్లో ఈ కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పేది పెద్దాయనే. ధ్వని మసక, బొమ్మ మసక అని ఒక్క ముక్క అనేసి లేచిపోయాడు. రికార్డింగు చెరిపేశారు. ఆ రోజు మిషను నడిపింది జల్లెడే. అందులో మచ్చన్నది లేదని అతని చెవులకి తెలుసు.

ఆ తర్వాత ఆవిడ వంటింట్లో కూడా కూనిరాగం తీయలేదు. పోయేముందు ఒక్క పాట పాడమని మొగుడు అడిగితే మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ గోడని అతను మర్చిపోలేదు.

ఇప్పుడు ఆఫీసులో అదే గది. గోడలకి బొంతల్లాంటి అదే మెత్త. పక్కన యజమాని బావమరిది ఉన్నాడు. పాటకీ పంకా చప్పుడుకీ తేడా తెలియని మనిషి. తెర మీద బొమ్మ మొదలవగానే గురక తీశాడు.

జల్లెడ తలుపేసుకుని, కచేరీ మొత్తం రెండుసార్లు చూశాడు.

రికార్డింగు అద్దంలా ఉంది. ఆ రోజు హాల్లో జనం ఈలలకీ కేకలకీ పైకప్పు లేచిపోయిందట. పక్కవాడి మాట పక్కవాడికి వినపడలేదట. ఇందులో ఆ గోలంతా సన్నగా వెనక్కి వెళ్లిపోయింది. పెద్దాయన గొంతు మాత్రం చెవి పక్కన కూర్చుని పాడినట్టుంది. ఊపిరి తీసుకుంటే వినిపిస్తోంది. కెమెరా దగ్గరికి వెళితే కణత మీద జారే చెమట చుక్క కనిపిస్తోంది. గరగర లేదు. బొమ్మ అదరలేదు. పెదవి కదలికకీ మాటకీ వెంట్రుకవాసి తేడా లేదు.

మెలకువ వచ్చిన బావమరిది గొంతు తగ్గించి అడిగాడు. “పాత పగ తీర్చుకుంటావేంటి కొంపదీసి?”

“ఆలోచిస్తున్నానండి.”

బావమరిది గుండెల్లో రాయి పడింది. ఇది పెద్దాయన ఆఖరి కచేరీ. ఆయన పేరు ఇక దీని మీదే నిలవాలి. పైగా ఒక్క స్వరం కూడా తర్వాత దిద్దకూడదని, ఉన్నది ఉన్నట్టు అమ్మాలని ఆయనే పట్టుబట్టి ఒప్పందం చేయించాడు. దిద్దుకునేవాళ్లంతా దొంగ గాయకులని ఊరంతా ఎకసెక్కాలాడాడు కూడా. కాబట్టి జల్లెడ అవుననాలి, లేదా కాదనాలి. మధ్య దారి లేదు.

అంతలో తలుపు తోసుకుని పెద్దాయనే వచ్చాడు, చేతికర్ర పట్టుకుని. బావమరిది లేచి నిలబడ్డాడు. జల్లెడ లేవలేదు.

నాలుగు మంచి మాటలు చెప్పి పని చేయించుకుంటాడని బావమరిది అనుకున్నాడు. పెద్దాయన నోట మంచి మాట రాలేదు.

“నువ్వేనటయ్యా ఇప్పుడు న్యాయాధిపతివి. మీ ఆవిడ నా వెనక నిలబడి ఆ... ఆ... అనేది. నువ్వేమో నా నెత్తిన కూర్చుని మార్కులేస్తున్నావు.”

జల్లెడ తెర ఆర్పేశాడు.

“ఆవిడ రికార్డింగులో ఏ మచ్చా లేదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆవిడ ఎదగడం ఇష్టం లేక పాతిపెట్టాను, అంతే.”

కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని బావమరిదికి అర్థమైంది. చాలించమని సైగలు చేశాడు. పెద్దాయన అటు చూడనే లేదు. గొంతు సవరించుకుని ఇంకో అడుగు ముందుకి వేశాడు.

“రోషం లేదటయ్యా నీకు? నీ చోట నేనుంటే ఈ కచేరీని గోతిలో వేసి మట్టి కప్పేవాణ్ణి. పెళ్లాం ఉసురు పోసుకున్నవాడు ఎదురుగా నిలబడితే చెయ్యి ఆడటం లేదా?”

“ఉందండీ రోషం,” అన్నాడు జల్లెడ. “అందుకే రెండుసార్లు విన్నాను.”

ఫోను తీసి యజమానిని పిలిచాడు. పెద్దాయన కర్ర మీద ముందుకి వంగాడు.

“పెద్దాయన కచేరీ చూశానండి. బొమ్మకి పదికి పది. ధ్వనికి పదికి పది. ఈ కుర్చీలో కూర్చున్నాక ఇంత స్పష్టమైన రికార్డింగు నేను వినలేదు. రేపే వదిలెయ్యండి, ఊరూరా.”

బావమరిదికి కళ్లు చెమర్చాయి. పగవాడికి కూడా న్యాయం చేశావు, నువ్వు మనిషివి కాదు దేవుడివి అంటూ జల్లెడ చేతులు పట్టుకున్నాడు. పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. సంతోషం పట్టలేకపోతున్నాడనుకుని బావమరిది మంచినీళ్ల కోసం పరిగెత్తాడు.

ఈలల హోరులో హాల్లో ఎవరికీ తెలియలేదు గానీ, మొదటి పాటకే శ్రుతి తప్పి చివరి పాటకి కీచుమంటూ విరిగిపోయిన తన గొంతు లోకం చెవిన పడకుండా ఆపగలిగేది జల్లెడ నోటి నుంచి ‘బాగాలేదు’ అన్న మాట ఒక్కటేనని తెలిసే, పెద్దాయన ఆ మాట కోసం వచ్చాడు.